కుడి పక్క చప్పుడు

జనవరి 13, 2004, మంగళవారం

ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చిన డైరీ. సెంటు భూమి లేనివాడికి ఎరువుల డైరీ ఎందుకిచ్చాడో ఆ సేటుకే తెలియాలి. పన్నెండు పేజీలు ఖాళీగా పోయాయి. ఇంట్లో చెప్పలేనిది, గనిలో అసలే చెప్పకూడనిది ఒకటుంది. ఎక్కడో ఒకచోట చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

నా కుడి చెవి పోయింది.

డిసెంబర్‌లో జ్వరం వచ్చి తగ్గింది. ఒక పొద్దున లేచేసరికి కుడి పక్కంతా దూది కుక్కినట్టు ఉంది. జలుబుకు మూసుకుపోయిందిలే అని పదిహేను రోజులు వేడి నూనె చుక్కలు వేసుకున్నాను. నిన్న లీవు పెట్టి, బోనకల్‌లో చుట్టాలింట్లో పని ఉందని యశోదకు అబద్ధం చెప్పి, ఇల్లందులో ఖమ్మం బస్సెక్కాను. చెవి డాక్టరు తలకు మిషన్ తగిలించి, చప్పుడు వినపడగానే బటన్ నొక్కమన్నాడు. ఎడమ చెవికి టకటకా నొక్కాను. కుడి చెవికి నొక్కడానికి ఏమీ రాలేదు. నరం చచ్చిపోయిందట. మొదటి మూడు రోజుల్లో వస్తే ఏదైనా చేసేవాడినన్నాడు. నాకు నలభై ఆరేళ్లు. మూడు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లిన మగవాణ్ణి మా బస్తీలో నేనింతవరకు చూడలేదు.

ఇంకొకడికైతే ఒక చెవితో బతుకు వెళ్లిపోతుంది. నేను మైనింగ్ సర్దార్‌ని. బొగ్గు గనిలో, భూమి కింద, పదకొండు మందికి నేనే చెవి. వాళ్లు పని మొదలుపెట్టే ముందు కర్రతో రూఫ్ కొట్టి వింటాను. గట్టి రూఫ్ ఖంగుమంటుంది. పొర విడిచిన రూఫ్ పగిలిన కుండలా బోలుగా మోగుతుంది. నేను సరే అంటేనే వాళ్లు దాని కిందికి వస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ప్రభాకర్ కర్రకు చెవులున్నాయని మా ఇంక్లైన్‌లో, అంటే మా గనిలో, చెప్పుకుంటారు.

కంపెనీకి తెలిస్తే సర్టిఫికెట్ తీసుకుని పైన ఎక్కడో కూర్చోబెడతారు. కర్ర లేకుండా ఆ గేటులోకి నడవడం నాకు ఊహకు కూడా రాదు. ఎడమ చెవి బంగారంలా ఉంది. దానికి దండం.

జనవరి 21

ఎవరూ కనిపెట్టలేదు.

జనవరి 25, ఆదివారం

ఒక చెవి పోతే సగం వినపడుతుందనుకున్నాను. అది కాదు. అంతా వినపడుతుంది, ఎటు నుంచో తెలియదు. వంటింట్లోంచి యశోద పిలిస్తే వీధి గుమ్మంలోకి వెళ్లి ఏంటని అడిగాను. బస్టాండ్ దగ్గర హారన్ వినపడింది, ఎడమ నుంచి వస్తోందని కుడికి జరిగాను. సరిగ్గా బస్సు ముందుకే జరిగానన్నమాట. డ్రైవరు మా వంశాన్నంతా తలుచుకున్నాడు. లోకంలో చప్పుళ్లన్నీ ఎడమ పక్కకు కాపురం మార్చాయి.

గనిలో ఇబ్బంది లేదు. కర్ర నా చేతిలోనే ఉంటుంది, ఎక్కడ కొడుతున్నానో నాకు తెలుసు. ఖంగుమందా, బోలుగా ఉందా అన్నది తెలియడానికి ఒక చెవి చాలు. ఇలా నన్ను నేను ఒప్పించుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాను. రాయకుండా ఉండలేను.

మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండే నాగలత మేడం జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. సత్తుపల్లి వైపు రైతు కుటుంబం. ఒక్కతే ఉంటుంది, పాముకీ భయపడదు, ప్రిన్సిపాల్‌కీ భయపడదు. మూసేసిన పాత గని దగ్గర, బొగ్గు టబ్బులను లాగే ఇంజను ఉండే హాలేజ్ రూమ్‌లో తెల్ల గుడ్లగూబలు ఉన్నాయట, వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు, మీరు చెబితే వింటాడు ప్రభాకర్ గారూ అంది. వెళ్లాం.

వాచ్‌మన్ బొజ్జయ్య పినపాక వైపు కోయ మనిషి. రానివ్వకపోవడానికి కారణం ఉంది. పోయిన నెల సూపర్‌వైజర్ అటుగా పోతుంటే గదిలోంచి గుర్రు వినపడింది. బొజ్జయ్య డ్యూటీలో పడుకున్నాడని మెమో ఇచ్చాడు. తాను చెట్టు కింద మెలకువగానే ఉన్నానని బొజ్జయ్య ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. ఇప్పుడు మళ్లీ ఎవరో వచ్చి వింటే రెండో మెమో వస్తుందని అతని భయం.

లోపలికి వెళ్తే నిజంగానే గుర్రు. ముసలాయన వెల్లకిలా పడుకుని తీసినట్టు. గోడ పైన కన్నంలో మూడు పిల్లలు, తెల్లటి బూరు, కోతి మొహాలు. ఆకలైతే ఈ జాతి పిల్లలు అలాగే గుర్రు పెడతాయట. మేడం నేల మీద కూర్చుని నవ్వింది. నవ్వు తగ్గాక బొజ్జయ్య తరఫున కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిస్తానని మాటిచ్చింది. గుర్రు పెట్టింది గుడ్లగూబ అని కంపెనీ ఫైల్లో ఒక కాగితం ఉండబోతోంది.

ఫిబ్రవరి 15, ఆదివారం, సాయంత్రం 7

ఈరోజు పెద్ద గూబను చూశాను. ఆరున్నరకు, ఇంకా కొంచెం వెలుగుండగానే, కిటికీలోంచి బయటికొచ్చింది. మా తలల మీదుగా వెళ్లింది. గాలి కూడా కదల్లేదు. రెక్కల అంచున కుచ్చులాంటి ఈకలు ఉంటాయట, గాలిని దువ్వినట్టు చీల్చి చప్పుడు చంపేస్తాయి. ఎలుకకు వినపడకుండా ఉండడానికే కాదు, తన రెక్కల చప్పుడు తన చెవికి అడ్డం రాకుండా కూడా అంది మేడం. గనిలో నేను రూఫ్ కొట్టేటప్పుడు అందర్నీ ఆగమంటాను, టబ్బులు కూడా ఆపిస్తాను. ఇది తనను తానే ఆపుకుంటుంది.

దాని మొహం చాటలా ఉంటుంది. ఆ చాట చప్పుడును పోగేసి చెవుల్లోకి పంపుతుందట, మేడల మీది డిష్ యాంటెన్నాలాగ. చెవులు ఈకల కింద ఉంటాయి. తల మీద ఏమీ కనపడవు. కళ్లు గుంటల్లో బిగించినట్టుంటాయి, మనలాగా తిప్పలేదు. అందుకే తలనే తిప్పుతుంది. మేడం సుద్దముక్కతో గోడ మీద బొమ్మ గీసింది. ఎడమ చెవి రంధ్రం కొంచెం పైన ఉండి కిందికి చూస్తుంది. కుడిది కొంచెం కింద ఉండి పైకి చూస్తుంది. వంకరగా ఉన్నాయేంటి మేడం అన్నాను. ఆ వంకరే దాని తెలివి అంది.

చప్పుడు ఏ చెవికి ముందు చేరిందో దాన్నిబట్టి కుడా ఎడమా తెలుస్తుంది. ఏ చెవిలో గట్టిగా ఉందో దాన్నిబట్టి పైనా కిందా తెలుస్తుంది. రెండూ కలిపితే చీకట్లో ఎండుటాకు కింద ఎలుక ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టే. కన్ను అక్కర్లేదు.

అసూయ కలిగింది. పిట్ట మీద అసూయపడే వయసా ఇది.

మార్చి 4, గురువారం, రాత్రి 9

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అది రాయాలి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫస్ట్ షిఫ్ట్. పద్నాలుగో లెవెల్ జంక్షన్, అంటే సొరంగాలు కలిసే చోటు. పన్నెండు గంటలప్పుడు రూఫ్ మాట్లాడింది. అంటే పొర విడిచేముందు పైన సన్నగా చిటచిట వస్తుంది, ఉప్పు పెనం మీద వేసినట్టు. అందర్నీ ఆగమన్నాను. విన్నాను. ఎడమ పక్క. ఐదు ప్రాప్‌లు, అంటే కర్ర దుంగలు, ఎడమ పక్క నిలబెట్టించాను. టింబర్‌మన్ సోమ్లా మారు మాట్లాడకుండా నిలబెట్టాడు. కుడి పక్క లోడింగ్ సాగనిచ్చాను.

రెండున్నరకు రిపోర్టు రాయడానికి పక్క లెవెల్లో ఉన్న పై అధికారి ఓవర్‌మన్ దగ్గరికి వెళ్లాను. మూడింటి దాకా షిఫ్ట్. రెండూ యాభైకి కూలింది. గాలి దెబ్బకు మా చేతుల్లో కాగితాలు ఎగిరిపోయాయి. నేను లేచి పరుగెత్తాను, తప్పు వైపుకు. ఓవర్‌మన్ చొక్కా పట్టుకుని తిప్పాడు.

కుడి పక్క మొత్తం కిందికి వచ్చింది. లోడింగ్ జరిగే చోటే. రెండు టబ్బులు కనపడడం లేదు. పదకొండు పేర్లు అరిచాను. జవాబు డిప్, అంటే వాలు దారి, కింది నుంచి వచ్చింది. పదకొండు ల్యాంపులు అక్కడ వరసగా వెలుగుతున్నాయి. సోమ్లా అందర్నీ పదిహేను నిమిషాల ముందే పని ఆపించి తీసుకెళ్లాడు.

ఓవర్‌మన్ ఎందుకొచ్చారని అడిగాడు. తాగే నీళ్లు అయిపోయాయని సోమ్లా చెప్పాడు. సర్దార్ పర్మిషన్ ఇచ్చాడా అని నన్నడిగాడు. ఇవ్వలేదన్నాను. అది నిజమే. అదే కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. నెల రోజులుగా షిఫ్ట్ అయిపోకముందే పని వదిలి వెళ్లిపోవడం మీద మేనేజరు మండిపడుతున్నాడు. రాసి సంతకం పెట్టాను. నాకు కూడా కోపంగానే ఉంది. నన్నడక్కుండా నా మనుషులను కదిలించడమేంటి?

దేవుడి దయ. నీళ్లు అయిపోవడం దేవుడి దయ.

మార్చి 9

సోమ్లాకు చార్జిషీట్. ఏప్రిల్ 7న ఎంక్వైరీ, అప్పటిదాకా సస్పెన్షన్. నిరుడు కూడా ఒకటి ఉందట, ఈసారి తప్పు రుజువైతే ఉద్యోగమే పోవచ్చంటున్నారు.

నాకు సేఫ్టీ ప్రైజ్‌కు రికమెండేషన్. నా ఐదు ప్రాప్‌లు ఎడమ పక్కను ఆపకపోతే జంక్షన్ మొత్తం వచ్చేదని రిపోర్టులో ఉంది. క్యాంటీన్‌లో టీ ఇప్పిస్తున్నారు. తాగుతున్నాను.

మార్చి 14, ఆదివారం

టీ తాగుతూ మేడం మామూలుగా చెప్పింది. ఎక్కడో సైంటిస్టులు గుడ్లగూబ చెవిలో చిన్న బిరడా పెట్టి చీకటి గదిలో వదిలారట. గాయమేం కాదు, మళ్లీ తీసేశారు. కుడి చెవి మూస్తే అది ఎలుకకు ఎడమ పక్కన, కాస్త ఇవతల దూకిందట. ప్రతిసారీ ఎడమకే. అన్నిటికంటే వింత ఏంటంటే, అది తడబడలేదట. ఎప్పుడూ దూకినంత ధీమాగానే దూకింది. గోళ్లు తెరిచి, ఖాళీ నేలను పట్టుకుంది.

నా గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది. యశోద తాగమంటే వేడిగా ఉందన్నాను. చల్లారి మీగడ కట్టింది.

రూఫ్ కుడి పక్క మాట్లాడింది. నేను ఎడమ పక్క దుంగలు పెట్టించాను. ధీమాగా.

మార్చి 15

యశోదకు చెప్పేశాను. మొదట నమ్మలేదు, నవ్వింది. కళ్లకు తువ్వాలు కట్టుకుని గది మధ్యలో కూర్చున్నాను. గరిటెతో చెంబు కొడుతూ నా చుట్టూ తిరగమన్నాను, చప్పుడు ఎటుంటే అటు వేలు చూపిస్తానన్నాను. పన్నెండుసార్లు కొట్టింది. పదకొండుసార్లు ఎడమకు చూపించానట. ఐదోసారికే ఆమె నవ్వడం మానేసింది.

రెండు నెలలు దాచినందుకు తిట్టింది. న్యాయమే. తర్వాత చపాతీ చేసింది. రాత్రిపూట అన్నం మానిపించాలని ఎప్పటినుంచో ఆమె పట్టుదల, ఈరోజు నేను ఎదురు చెప్పలేదు.

మార్చి 17, బుధవారం

ఒక్కటి మాత్రం మెదడును తొలుస్తోంది. గనిలో నీళ్ల క్యాన్ నేనే చూశాను, ఆ రోజు ఒంటిగంటకు సగానికి పైగా ఉంది. ఇవాళ షిఫ్ట్ దిగి సోమ్లా తండాకు బండి మీద వెళ్లాను.

వాళ్లావిడ హేమ్లి మజ్జిగ ఇచ్చింది. ఆమెకు నేనెవరో తెలుసు, ఆ కాగితం మీద సంతకం ఎవరిదో కూడా తెలుసు. అయినా గ్లాసు నిండా ఇచ్చి, ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

నీళ్లు అయిపోలేదు కదా అన్నాను. సోమ్లా మేకల వైపు చూస్తూ చెప్పాడు. జనవరిలో ఒకరోజు అతని గొడ్డలి నా కుడి పక్కన బండ మీద పడింది. నేను ఎడమకు తిరిగి చూశాను. ఆ రోజే తెలిసిపోయింది. అప్పటినుంచి అతను నాకు కుడి పక్కనే నడుస్తున్నాడు. నేను కర్ర కొట్టి ముందుకు పోయాక, గొడ్డలి వెనక భాగంతో మళ్లీ కొట్టి వింటున్నాడు. రెండు నెలలు, రోజూ. మార్చి 4న కుడి పక్క మాట్లాడిందని అతనికి స్పష్టంగా తెలుసు. గొడ్డలితో కొట్టి చూస్తూనే ఉన్నాడు, రెండున్నర తర్వాత బోలు చప్పుడు పెద్దదైంది.

మరి నాకెందుకు చెప్పలేదని అరిచాను. నా మీద నాకున్న కోపం అంతా అతని మీద పోశాను. అతను గొంతు పెంచలేదు.

“అందరి ముంగట సర్దారు మాట తప్పని ఎట్లంట? ప్రాపులు మీరు చెప్పిన కాడ పెట్టిన. మనుషులను మాత్రం నాకు తోచిన కాడికి తోలుకపోయిన.”

నీళ్లు అయిపోయాయని అన్నది ఎందుకంటే, అసలు కారణం చెబితే నా చెవి గురించి చెప్పాల్సి వస్తుంది.

పదకొండు మంది ప్రాణాలు కాపాడినవాడి మీద నేను కంప్లయింట్ రాసిచ్చాను. నా అందమైన దస్తూరీతో.

మార్చి 18

పని. నా కుడి పక్కన ఎవరూ లేరు. కొత్త టింబర్‌మన్ ఎడమ పక్క నడిచాడు. రెండు నెలలు నేను ఎవరి చెవితో బతికానో ఈరోజు తెలిసింది.

మార్చి 21, ఆదివారం

తండా నుంచి వచ్చేముందు సోమ్లా చెప్పిన మాట రాయలేదు. ఎంక్వైరీలో ఏం చెప్పొద్దన్నాడు. తన మీద మహా అయితే వార్నింగ్‌తో పోతుందని, నాకైతే కర్రే పోతుందని అన్నాడు. ఆ మాట పట్టుకుని నాలుగు రోజులుగా వేలాడుతున్నాను. సిగ్గు లేకుండా లెక్కలు వేశాను. వార్నింగే కావచ్చు. నేను జాగ్రత్తగా ఉండవచ్చు. ఖాళీ చేతిని రూఫ్‌కు ఆనించి కొడితే అదురు వేళ్లకు తెలుస్తుంది, పాత సర్దార్లు అలాగే చేసేవాళ్లు.

మేడంను అడిగాను, ఊరికే అడిగినట్టు. చెవి మూసిన గూబ మెల్లగా అలవాటు పడుతుందా అని. పిల్లలైతే పడతాయట. కొన్ని వారాలు తప్పుతాయి, తర్వాత ఆ వంకర లెక్కనే సరిచేసుకుని గురి కుదుర్చుకుంటాయి. పెద్దవైతే దాదాపు కుదరదు, తప్పుగానే దూకుతూ ఉంటాయి అంది.

హాలేజ్ రూమ్‌లో గూబ పిల్లలు ఎగిరిపోయాయి. గది నిశ్శబ్దంగా ఉంది. బొజ్జయ్య మెమో రద్దయిందట, మేడం చీటీ పనిచేసింది. గుడ్లగూబ తరఫున సాక్ష్యం చెప్పడానికి కూడా ఒక మనిషి ఉంది అనుకున్నాను.

మార్చి 22

చెబుతాను.

ఏప్రిల్ 4

ఎన్నికల మైకు ఆటో. ఏ పార్టీదో తెలిసింది, ఏ వీధిలో ఉందో తెలియలేదు. యశోద నా కుడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. బజార్లో ఆమె నా చెయ్యి పట్టుకోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

ఎంక్వైరీలో ఏం చెబుతానో చెప్పాను. వింది. ఒక్కటే అడిగింది.

“ల్యాంపు రూముల ఏసినా, దవాఖానా గేటు కాడ ఏసినా, మీరు రోజూ ఇంటికొస్తరు గద?”

అవునన్నాను. అయితే పోయి చెప్పమంది.

ఏప్రిల్ 7, బుధవారం, సాయంత్రం 6

మొత్తం రాస్తాను, ఒక్క ముక్క వదలకుండా.

మేనేజరు, ఓవర్‌మన్, యూనియన్ మనిషి, టైపు చేసే గుమాస్తా, తలుపు దగ్గర ప్యూన్. సోమ్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. నా స్టేట్‌మెంట్ చదివారు. ఇది మీరు రాసిందేనా అన్నారు. అవును, దాంట్లో రాయనిది ఒకటుంది అన్నాను. చెవి సంగతి, ప్రాప్‌ల సంగతి, నీళ్ల క్యాన్ సంగతి చెప్పాను. సోమ్లా ముందే కదిలించకపోతే ఈ రోజు ఈ గదిలో వేరే ఎంక్వైరీ జరుగుతుండేదన్నాను.

నమ్మలేదు. నేను అనుకోనిది అదే. మేనేజరు నవ్వాడు. మీ మనిషిని తప్పించడానికి ప్రైజు వచ్చే చెవినే బలి పెడుతున్నారా అన్నాడు. ఇంక్లైన్ మొత్తంలో మీ అంత బాగా వినేవాడు లేడని ఓవర్‌మన్ కూడా వంత పాడాడు. ఇరవై రెండేళ్ల పేరు నా నోరు నొక్కేసింది. సోమ్లా కూడా, సర్దారు గట్లనే అంటడు సార్, నీళ్లే అయిపోయినయ్, అన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

అప్పుడు గుడ్లగూబ గుర్తొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి కళ్లకు కట్టుకున్నాను. సార్, చెప్పులు విడిచి గదిలో ఎక్కడికైనా వెళ్లి పెన్నుతో కొట్టండి, నేను చూపిస్తాను అన్నాను. కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. తర్వాత టక్. ఎడమకు చూపించాను. టక్. ఎడమకు. టక్ టక్. ఎడమకు. ప్యూన్ నవ్వాడు, ఎవరో గద్దించారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టలేదు. కొట్టడం ఆగిపోయాక కూడా నేను తువ్వాలుతో అలాగే నిలబడి ఉన్నాను. గది ఖాళీ అయిపోయిందేమో అనుకున్నాను.

ముడి విప్పిన చేతులు సోమ్లావి. మేనేజరు నాకు కుడి పక్కన, ఇనుప బీరువా దగ్గర ఉన్నాడు. చివరి ఆరుసార్లూ అక్కడే నిలబడి కొట్టాడట. మొహం పాలిపోయి ఉంది. పదకొండు మంది, అన్నాడు.

బయటికొచ్చాక సోమ్లా, నేను క్యాంటీన్ వెనక కూర్చున్నాం. నా వల్ల నీకు ముప్పై రోజుల కూలి పోయిందన్నాను. అతను బీడీ సగం తుంచి ఇచ్చాడు. నేను బీడీ మానేసి తొమ్మిదేళ్లయింది. తాగాను. నువ్వు నా కుడి చెవివి సోమ్లా అన్నాను. ఇలాంటి మాటలు మా వాడుకలో లేవు. అతను సిగ్గుపడి పక్కకు తిరిగాడు, నేను కూడా.

ఏప్రిల్ 19

చార్జిషీట్ రద్దు. సస్పెన్షన్ రోజులకు కూడా జీతం ఇస్తారట. ఆర్డరు చూపించడానికి సోమ్లా, హేమ్లి మా ఇంటికి వచ్చారు. యశోద మామిడికాయ పప్పు పెట్టింది.

నాకు దవాఖానాలో టెస్టులు అయ్యాయి. అన్‌ఫిట్. దాచినందుకు ఒక ఇంక్రిమెంట్ కోత. తక్కువే వేశారు. ఇంకా ఎక్కువ వేసినా నోరెత్తేవాణ్ణి కాదు. సర్టిఫికెట్ అప్పజెప్పేటప్పుడు ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. గుమాస్తా రసీదు రాస్తుంటే నా పేరులో అక్షరం తప్పు పోయింది, దిద్దించాను. ఇంటికొచ్చాక స్నానాల గదిలో ఏడ్చాను.

ఏప్రిల్ 28

కొత్త సర్దార్ జైరాం. ముప్పై ఏళ్లు, రెండు చెవులు. కర్ర పట్టుకోవడం చూపించమని వచ్చాడు. చూపించాను. రూఫ్ మాట్లాడినప్పుడు నువ్వు ముందు చెప్పొద్దు, ఎటు నుంచి వచ్చిందో పక్కవాళ్లను ముందు అడుగు, తర్వాత నీది చెప్పు అన్నాను. సర్దార్ అడిగితే వాళ్లు అలుసుగా తీసుకోరా అన్నాడు. నేను కూడా ముప్పై ఏళ్లప్పుడు అదే అనుకునేవాణ్ణి. తీసుకోనీ అన్నాను.

మే 2, ఆదివారం, సాయంత్రం

హాలేజ్ రూమ్‌కు ఒక్కణ్ణే వెళ్లాను. బొజ్జయ్య తాళం తీశాడు. ఇప్పుడు ఎవరినైనా రానిస్తున్నాడు, గూబలు తనవే అన్నట్టు చూపిస్తున్నాడు.

ఒక ఎండు టేకాకుకు దారం కట్టి నేల మీద పెట్టాను. దూరంగా పాత ఇనుప డ్రమ్ము వెనక కూర్చుని ఆరున్నర దాకా ఆగాను. పెద్ద గూబ కిటికీ మీదికి వచ్చింది. కళ్లు బయటి పొదల మీదే ఉన్నాయి. దారం వెంట్రుకంత లాగాను. ఆకు కదిలిన చప్పుడు నా మంచి చెవికి కూడా చేరలేదు. ఆ చాట మొహం ఒక్కసారి తిరిగింది. వెతకలేదు. ఇటూ అటూ చూడలేదు. ఆకు ఎక్కడుందో సరిగ్గా అక్కడికే తిరిగి ఆగింది. తర్వాత కొంచెం పక్కకు వంచింది, మళ్లీ నిలబెట్టింది. నేను ఊపిరి బిగబట్టాను. అది ఆకును వదిలేసి నా వైపు తిరిగింది. ఊపిరి బిగబట్టడం కూడా దానికి వినపడిందో ఏమో.

మేడం చెప్పింది, పిట్టల చెవుల్లో చచ్చిన కణాలు మళ్లీ పుడతాయట. మనకు పుట్టవు. ఇదివరకైతే ఆ మాటకు కోపం వచ్చేది. ఈరోజు దాని ముందు కూర్చుంటే రాలేదు. అంత బాగా వినే ప్రాణి ఒకటి మా బొగ్గు గనుల మధ్య, పాత ఇనుము పక్కన కాపురం ఉంది. నా తప్పు నాకు చూపించింది దాని జాతే. చేతులెత్తి దండం పెట్టాను. కదిలిన చప్పుడుకు ఎగిరిపోయింది.

మే 10, సోమవారం

ల్యాంపు రూమ్‌లో మొదటి రోజు. పొద్దున ఆరున్నరకు పద్నాలుగో లెవెల్ వాళ్లకు, జైరాంతో కలిపి, పన్నెండు ల్యాంపులు ఇచ్చాను. మూడున్నరకు వాళ్లు పైకొచ్చేసరికి కళ్లు మూసుకుని కూర్చున్నాను. చెక్క బల్ల మీద ఒక్కొక్కటీ పెడుతుంటే విన్నాను. ఏది ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు.

పన్నెండూ వచ్చాయి.